నీలిచుక్క తొండ

ప్రశ్న అడిగినవాళ్ళకి జవాబు చెప్పకుండా పని చెప్పడం గొడుగురాళ్ళ స్వామివారి అలవాటు. చావంటే ఏమిటని అడిగిన ఒక వకీలుగారి చేత ఆయన మూడు రోజులు పాత చాప అల్లిక విప్పించారట. దేవుడికి రూపం ఉందా అని అడిగిన మరొకాయన చేతికి చేట ఇచ్చి, కందిపప్పులో రాళ్ళు ఏరమన్నారట. అలా పని చేసినవాళ్ళలో కొందరు జవాబు దొరికిందని వెళ్ళారు, కొందరు విసుగొచ్చి వెళ్ళారు. అందరినీ ఆయన ఒకే తీరున సాగనంపారు. కదిరికి పడమరగా, ఏనుగులంతేసి రాతిగుండ్లు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టుండే గొడుగురాళ్ళ గుట్టమీద ముప్పై ఏళ్ళుగా ఉంటున్నారు కనుక జనం ఆయన్ని గుట్ట పేరుతోనే పిలిచేవారు. అసలు పేరు ఎవరూ అడగలేదు, అడిగితే ఏ పని చెబుతారోనని.

చెన్నరాయుడు ఆయన దగ్గరికి వచ్చేనాటికి నలభై నాలుగేళ్ళవాడు. హైస్కూల్లో డ్రిల్లు మాస్టరు. పెళ్ళి చేసుకోలేదు. పసితనంలోనే తల్లి పోతే, పదేళ్ళు పెద్దదైన అక్క సుంకమ్మ చంకనేసుకుని పెంచింది. ఆమె తప్ప తనవాళ్ళని చెప్పుకోవడానికి అతనికి ఎవరూ లేరు. పంద్రాగస్టు పరేడుకి జిల్లాలో అతని బడిదే పేరు. "నా లైనులో ఒక్కడు రెప్ప కొట్టడు" అని చెప్పుకునేవాడు. కదలకుండా నిలబడటంలో ఏదో గొప్ప శక్తి ఉందని మొదట పిల్లలకి చెప్పాడు, తర్వాత తానే నమ్మాడు, ఆ నమ్మకమే అతన్ని బడికి సెలవు పెట్టించి గుట్ట ఎక్కించింది.

అక్కడ అతను మండలదీక్ష పట్టాడు. నలభై ఒక్క రోజులు గుట్ట దిగకూడదు. పొద్దు పొడిచింది మొదలు గుంకేదాకా ఒకే చోట కూర్చుని జపం చేయాలి. ఇంతవరకూ స్వామివారు ఒప్పుకున్నదే. పైన ఒక నియమం మాత్రం అతను సొంతంగా చేర్చుకున్నాడు. వేపచెట్టు కింద బండమీద సున్నంతో నాలుగు వైపులా గీత గీసుకుని, పగలు ఆ గీత దాటనని పట్టుబట్టాడు. పదకొండు గంటలదాకా అక్కడ వేపనీడ ఉంటుంది. ఆ తర్వాత రెండు మూడు గంటలు నడినెత్తిన ఎండ. అది వైశాఖం. స్వామివారు ఒకసారి అటుగా వెళుతూ "నీడ అటు జరిగింది నాయనా" అన్నారు. "నేను జరగను స్వామీ" అన్నాడు చెన్నరాయుడు. ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. అతని భుజాల మీద తోలు కమిలి పొరలు పొరలుగా లేచింది. చెప్పుకోడు గానీ, అది చూసుకుంటే అతనికి కొంచెం గర్వంగానే ఉండేది.

ఆ వేసవిలోనే గౌసియా అనే అమ్మాయి గుట్టమీద తొండల మీద పరిశోధన చేస్తోంది. ఇరవై ఏడేళ్ళుంటాయి. స్వామివారి అనుమతి అడిగి, రోజూ తెల్లవారేసరికి స్కూటీ మీద వచ్చి, కొసన ఉచ్చు కట్టిన పొడుగాటి కర్రతో తొండల్ని పట్టి, వీపు మీద రంగుచుక్క పెట్టి వదిలేసేది. చేతిలో తుపాకీలాంటి పరికరం ఒకటి. దాన్ని దేనివైపు గురిపెట్టి మీట నొక్కితే, ముట్టుకోకుండానే దాని వేడి ఎంతో అంకెల్లో చూపిస్తుంది. తపస్సు చేసుకునే చోట ఈ తొండల గోల ఏమిటని చెన్నరాయుడికి లోలోపల చిరాకు.

దీక్ష ఇరవై రెండోనాడు సాయంత్రం అతని బావ రామాంజులు చెమటలు కక్కుతూ గుట్ట ఎక్కి వచ్చాడు. చెప్పులు విడిచి, గీతకి ఇవతలే నిలబడ్డాడు.

"మీ యక్కకి ఆపరేషన్ పెట్టినారప్పా, అనంతపురంలో. ఎల్లుండి పొద్దున. కడుపులో గడ్డ. ప్రాణానికి నేను పూచీ ఇవ్వలేనని డాక్టరు ముందే చెప్పినాడు. ఆమె కాగితం మీద వేలుముద్ర వేసేదానికి ఒప్పుకోలేదు. తమ్ముని మొగం చూస్తే గానీ లోపలికి పోను అంటా ఉంది."

చెన్నరాయుడి చేతిలో జపమాల ఆగింది. "నేను దీక్షలో ఉండాను బావా. ఇంకా పంతొమ్మిది దినాలు."

"ఒక్క దినం రాప్పా. చెయ్యి పట్టుకొని నాలుగు మాటలు చెప్పు. మళ్ళా వచ్చి కూర్చో. ఎవరు వద్దన్నారు?"

"ఇప్పుడు కదిలితే ఈ ఇరవై రెండు దినాలూ మట్టిపాలు. ఈడ నుంచే ఆమె కోసరం జపం చేస్తానని చెప్పు."

రామాంజులు సున్నపు గీతని చూశాడు, మనిషిని చూశాడు. "ఆ మాట ఆమెకి చెప్పేదానికి నాకు నోరు రాదు రాయుడూ" అన్నాడు. మంచినీళ్ళు కూడా తాగకుండా దిగిపోయాడు.

పొద్దు గుంకాక చెన్నరాయుడు స్వామివారి గుహ ముందుకి వెళ్ళాడు. ఆయన అరుగు మీద కూర్చుని చెనిక్కాయలు ఒలుస్తున్నారు. జరిగింది చెప్పి, చేతులు కట్టుకుని అడిగాడు.

"స్వామీ, ఈ రోజు నాకొక పరీక్ష వచ్చింది. నేను కదల్లేదు. స్థిరంగా ఉండటమంటే ఇదేనా?"

మాట ప్రశ్నలాగే ఉన్నా, అతనికి కావలసింది జవాబు కాదు. ఎవరైనా వీపు తట్టి, నువ్వు చేసింది మంచిపనే అంటే చాలు. ఎందుకంటే బావ దిగిపోయిన దగ్గర్నుంచి మనసు ఒకచోట నిలవడం లేదు. జపం సంఖ్య మూడుసార్లు తప్పింది.

స్వామివారు ఇంకో కాయ ఒలిచారు. "రేపు ఆ అమ్మాయికి పుస్తకం రాసేవాళ్ళు లేరట. రోజూ తోడొచ్చే ఆమెకి జ్వరం. నువ్వు రాసిపెట్టు. నీ చోటుకి ఎదురుగా ఉన్న గుండే."

"తొండల లెక్కా స్వామీ?"

"ఒకే ఒక్క తొండ. పొద్దు పొడిచింది మొదలు గుంకేదాకా." ఆయన తలెత్తి చూశారు. "నీ నియమమే."

మర్నాడు తెల్లవారుతుండగా గౌసియా వచ్చి, గీతలు కొట్టిన పుస్తకం అతని ఒళ్ళో పెట్టింది. ఒక్కో వరసకి నాలుగు గళ్ళు. మొదటి గడిలో వేళ. రెండోదానిలో తొండ ఉన్న చోటు. మూడోదానిలో బండ వేడి. ఆఖరిదానిలో తొండ ఒంటి వేడి. "అరగంటకోసారి చెబుతాను సార్, మధ్యలో అది పెద్దగా ఏమైనా చేస్తే అప్పుడూ చెబుతాను" అంది. ఆమె గుండు పక్కన రాతి చాటున కూర్చుంది. అతను తన గీతలోనే కూర్చున్నాడు. మధ్య మూడు బారల దూరం.

ఆరున్నరకి బండ ఇరవై ఆరు డిగ్రీలు. తొండ లేదు. ఏడు దాటాక గుండు పగుల్లోంచి ఒక తల మాత్రం బయటికొచ్చింది. మిగతా ఒళ్ళు లోపలే. అలాగే చాలాసేపు ఉంది. చెన్నరాయుడికి అది నచ్చింది, తనలాంటిదే అనుకున్నాడు. "ముందు తలకి ఎండ పట్టిస్తుంది సార్" అంది గౌసియా గొంతు తగ్గించి. "ఒళ్ళు వెచ్చబడందే కాళ్ళు ఆడవు. చల్లగా ఉన్నప్పుడు బయటికొస్తే డేగకి దొరికిపోతుంది. అందుకే అంత జాగ్రత్త." కాసేపటికి అది పూర్తిగా బయటికి వచ్చింది. జానెడున్నర ఉంటుంది. తోక మొదట్లో గౌసియా పెట్టిన నీలంరంగు చుక్క. మిగతా ఒళ్ళంతా మట్టిరంగు. సూర్యుడికి అడ్డంగా తిరిగి, డొక్కలు పక్కలకి పరిచి, బండకి అతికించినట్టు పడుకుంది. ఒళ్ళు ఇరవై తొమ్మిది.

అరగంట గడిచేసరికి ముప్పై ఆరు. రంగు మారింది. ఎప్పుడు మారిందో రెప్ప వాల్చకుండా చూస్తున్న చెన్నరాయుడికే తెలియలేదు. తలనుంచి వీపు పొడుగునా నిప్పుకణికలాంటి ఎరుపు, పక్కలకి కాటుకలాంటి నలుపు. గుండు కొసకి పరిగెత్తి, ముందుకాళ్ళమీద లేస్తూ వాలుతూ ఊగడం మొదలుపెట్టింది. "ఇది నా గుండు అని చుట్టుపక్కల అందరికీ చెబుతోంది సార్" అంది గౌసియా.

"దండీలు తీస్తోంది" అన్నాడు డ్రిల్లు మాస్టరు. ఇరవై మూడు రోజుల్లో అతని మొహాన నవ్వు కనిపించడం అదే మొదలు. "మా బళ్ళో పిల్లలకంటే బాగా తీస్తోంది."

ఆ తర్వాత అది ఒక్కచోట ఉంటే ఒట్టు. కొసనుంచి దిగి చీమల బారు పక్కన నిలబడి ఒక్కో చీమనీ నాలుకతో ఏరుకుంది. మళ్ళీ ఎక్కింది. బండ వేడెక్కుతుంటే పక్క నీడలోకి జరిగింది. నీడలో రవంత చల్లబడగానే మళ్ళీ ఎండ అంచుకి వచ్చింది. సగం ఒళ్ళు ఎండలో, సగం నీడలో పెట్టి కాసేపు నిలబడింది. ఉన్నట్టుండి చెన్నరాయుడి మోకాలికి మూరెడు దూరంలో బండ ముక్క ఒకటి కదిలింది. ఉలిక్కిపడి చూస్తే ఆడతొండ. రాతిమీద రాయిలా ఎంతసేపటినుంచి అక్కడ ఉందో. ఇన్ని రోజులుగా ఇవన్నీ తన చుట్టూ తిరుగుతుంటే తాను చూడనే లేదని అతనికి అప్పుడు తట్టింది.

పదిన్నరకి బండ నలభై తొమ్మిదికి వచ్చింది. నీలిచుక్క ఇప్పుడు పొద్దుటిలా అడ్డంగా పరుచుకోలేదు. మూతి సూర్యుడి వైపు తిప్పి, పొట్ట బండకి తగలకుండా కాళ్ళ కొసలమీద లేచి, తోక పైకెత్తి నిలబడింది. "ఎదురుగా నిలబడితే ఒంటిమీద ఎండ తక్కువ పడుతుంది" అంది గౌసియా. "ఎవరూ నేర్పలేదు సార్ దీనికి. గుడ్డులోంచి వచ్చిన రోజు తల్లి కూడా పక్కన ఉండదు." ఒంటి వేడి ముప్పై ఏడు.

సరిగ్గా అప్పుడే పక్క గుండుమీది మగతొండ ఒకటి దూకి వచ్చింది. నీలిచుక్క కొస వదిలేసి మాడిపోతున్న బండ నడుమకి ఉరికింది. రెండూ పక్కపక్కన నిలబడి గొంతులు ఉబ్బించి తోకలతో కొట్టుకున్నాయి. చెన్నరాయుడు ఊపిరి బిగబట్టాడు. వచ్చింది పారిపోయింది. నీలిచుక్క నోరు తెరుచుకుని వగరుస్తూ నీడలోకి వచ్చి పడింది. "ముప్పై తొమ్మిది" అంది గౌసియా, ఈసారి గొంతులో కంగారుతో. అయిదు నిమిషాలయ్యాక "ముప్పై ఏడు. పర్లేదు" అంది. అతను రెండూ రాశాడు. తనకి తెలియకుండానే "అమ్మయ్య" అన్నాడు.

మిట్టమధ్యాహ్నం బండ యాభై ఎనిమిది. వేపనీడ జరిగిపోయి చాలాసేపయింది. చెన్నరాయుడు తలమీద తుండుగుడ్డ వేసుకుని ఎండలోనే కూర్చున్నాడు. గౌసియా నీళ్ళసీసా ఇవ్వడానికి వచ్చి, పరికరాన్ని అతని భుజం వైపు తిప్పి నొక్కింది. "ముప్పై తొమ్మిదిన్నర సార్. జ్వరం లెక్కలో చూస్తే నూట మూడు. తొండకి ముప్పై ఆరే ఉంది."

"దానికి దీక్ష లేదు కదమ్మా" అన్నాడతను నవ్వబోయి.

ఆమె నవ్వలేదు. గీతకి అవతల కూర్చుని, నేలకేసి చూస్తూ చెప్పింది. "ఎమ్మెస్సీ చదివేటప్పుడు ఒకదాన్ని పట్టి గాజుసీసాలో పెట్టాను. మూతకి చిల్లులు పెట్టాను, గాలికి లోటు లేదు. నీడలోనే ఉంచాను. రాసుకుంటూ కూర్చుంటే నీడ జరిగిపోయింది, నేను చూసుకోలేదు. పది నిమిషాలు కూడా కాలేదు సార్. తీసేసరికి ప్రాణం లేదు. పొద్దున దాన్ని లేపి నిలబెట్టింది ఆ ఎండే. కదలడానికి చోటు లేకుండా చేసేసరికి అదే దాన్ని చంపేసింది."

ఏడో తరగతి నాగమణి గుర్తొచ్చింది చెన్నరాయుడికి. పరేడు సాధనలో ఎండకి కళ్ళు తిరిగి పడిపోతే, నీళ్ళు చల్లుతున్న వాళ్ళ నాన్నతో "లైను చెడగొట్టింది" అన్నాడు తాను. ఆ పెద్దమనిషి మొహం ఇప్పుడు కళ్ళకి కట్టినట్టు కనిపించింది.

ఇంతలో నీలిచుక్క నీడలోంచి లేచి, గుండు వెనక్కి తిరిగి కనబడకుండా పోయింది. ఎటు పోయిందోనన్న ఆత్రంలో అతను లేచాడు, వంగి చూశాడు, నాలుగడుగులు వేశాడు, గుండు చుట్టూ తిరిగి వెళ్ళాడు. అడుగున బెత్తెడు వెడల్పు పగులులో, చీకట్లో, ఎరుపూ నలుపూ అన్నీ విప్పేసి మళ్ళీ మట్టిరంగులో అది నిమ్మళంగా ఉంది. డొక్కలు నెమ్మదిగా ఎగసిపడుతున్నాయి. "ఇక్కడుందమ్మా!" అని కేకవేశాడు. కేకవేశాక గానీ కాళ్ళకేసి చూసుకోలేదు. సున్నపు గీత ఎక్కడో వెనక ఉంది. అతను గీతలో వదిలిన పుస్తకం తెచ్చుకుని, గుండు నీడలోనే కూర్చున్నాడు.

నాలుగు దాటాక నీలిచుక్క బయటికి వచ్చింది. మళ్ళీ ఎరుపెక్కింది, మళ్ళీ దండీలు తీసింది. ఎండ పలచబడ్డాక పొట్టని బండకి గట్టిగా ఆనించి, రాయి పొద్దంతా దాచుకున్న వేడిని తాగుతూ పడుకుంది. ఆరుంబావుకి ముప్పై అయిదు డిగ్రీలతో పగుల్లోకి వెళ్ళిపోయింది.

స్వామివారు అరుగుమీదే ఉన్నారు. "నాకు చూపు ఆనదు, చదువు" అన్నారు. "ఆఖరి గడి ఒక్కటే."

చెన్నరాయుడు చదివాడు. "ఇరవై తొమ్మిది. ముప్పై ఆరు. ముప్పై ఏడు. ముప్పై ఆరు. ముప్పై ఆరు. ముప్పై ఏడు. ముప్పై తొమ్మిది. ముప్పై ఏడు. ముప్పై ఆరు. ముప్పై ఆరు..."

"మారదే."

"మారదు స్వామీ. పొద్దున బండ ఇరవై ఆరు, మధ్యాహ్నం యాభై ఎనిమిది. అది మాత్రం ఒకసారి వెచ్చబడ్డాక ముప్పై ఆరు, ముప్పై ఏడు దగ్గరే నిలబడింది. ఒక్క కొట్లాటప్పుడు తప్పితే." అతని గొంతులో మెచ్చుకోలు దాగలేదు. "చిన్న ప్రాణి. ఎట్లా పట్టి ఉంచిందో!"

"రెండో గడి చదువు."

"పగులు. తూర్పు అంచు. కొస. చీమల బారు. కొస. పడమటి నీడ. నీడ అంచు. కొస. బండ నడుమ. నీడ. గుండు అడుగు..." చదువుతూ చదువుతూ అతని గొంతు నెమ్మదించింది. వేలు వరసల మీద కిందికి జారింది. "ముప్పై నాలుగుసార్లు చోటు మారింది స్వామీ" అన్నాడు. ఇంకా సగం ఉంది, చదవలేదు. పుస్తకం మూసి, రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు.

స్వామివారు చెనిక్కాయ చిదిపి పప్పు నోట్లో వేసుకున్నారు.

చెన్నరాయుడు పుస్తకం గౌసియాకి ఇచ్చాడు. "అమ్మా, నన్ను రోడ్డు దాకా దింపుతావా? అనంతపురం పోవాల" అన్నాడు. వేపచెట్టు కింది సంచీ భుజాన వేసుకుని, సున్నపు గీతమీద కాలు పెట్టే దాటాడు. ఈసారి చూసుకునే పెట్టాడు.

రెండు బస్సులు మారి, తెల్లవారకముందే ఆస్పత్రికి చేరాడు. సుంకమ్మ మంచంమీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. రామాంజులు తలగడ పక్కన వేలుముద్ర పడని కాగితంతో కూర్చుని ఉన్నాడు. చెన్నరాయుడు వెళ్ళి అక్క చెయ్యి పట్టుకున్నాడు. ఆమె కళ్ళు తెరిచి, కమిలిన అతని భుజాన్ని తడిమి, "ఎండలో తిరిగినావేమిరా?" అంది. తర్వాత బొటనవేలు చాపింది.

ఆపరేషన్ అయిదు గంటలు పట్టింది. మూడు రోజులు ఏమీ చెప్పలేమన్నారు. చెన్నరాయుడు మందుల కోసం వరసల్లో నిలబడ్డాడు, రక్తం ఇచ్చాడు, మెట్లు ఎక్కాడు, దిగాడు, పుళ్ళు పడకుండా గంట గంటకీ అక్కని ఈ పక్కనుంచి ఆ పక్కకి ఒత్తిగిలబెట్టాడు. వరండాలో పేపరు పరుచుకుని, దొరికిన పావుగంటలో దొరికినంత జపం చేశాడు. సంఖ్య తప్పలేదు. నాలుగోనాడు ఆమె గంజి తాగి, అతన్ని చాలాసేపు చూసి, "ముందు ఇట్లా ఉండేవాడివి కాదురా నువ్వు. నిమ్మళంగా ఉండావు" అంది. పదకొండోనాడు అక్కనీ బావనీ ఇంటికి చేర్చి, ఆ సాయంత్రమే మళ్ళీ గుట్ట ఎక్కాడు.

స్వామివారు గుహ ముందు నేల ఊడుస్తున్నారు. చెన్నరాయుడు సాష్టాంగపడి లేచి, కబుర్లన్నీ చెప్పి, చివరికి అడగలేక అడిగాడు.

"దీక్ష మళ్ళీ ఒకటో రోజునుంచి మొదలుపెట్టాలా స్వామీ, లేక ఆపిన దగ్గర్నుంచి ఎత్తుకోవచ్చా?"

స్వామివారు చీపురు పక్కన పెట్టి, మాట సరిగా వినబడనట్టు చెయ్యి చెవికి ఆనించుకున్నారు.

"ఎప్పుడు ఆపావు నాయనా?" అన్నారు.